చిన్నయింటి స్వరాజ్యము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు పలికిననాడు వారి తలపునం దున్న కష్టములు కలప, సున్నము, కూలి, ఋణము మాత్రమే. నేడు హైదరాబాదునకు పడమటి దిక్కున, సైబరాబాదు పరిసరములలో, నొక చిన్నయిల్లు కట్టుకొనదలచిన వానికి ఆ కష్టములతోపాటు కాగితముల కష్టమును దాపురించినది. అందును, ఆ యిల్లు విద్యుత్సంస్థవారి తీగకు గాని జలమండలివారి గొట్టమునకు గాని తగులుకొనక, తన కప్పుపై పడు యెండతోను వానతోను తానే బ్రదుకదలచిన యిల్లైనచో, దానికి మన గృహనిర్మాణ నియమావళులలో పేరే లేదు. పేరు లేనిదానికి గడి లేదు. గడి లేనిదానికి ముద్ర లేదు. ఆఫ్‌గ్రిడ్ ఇల్లని ఆంగ్లమున వ్యవహరించు ఈ స్వయంపోషక గృహమును గూర్చి ప్రభుత్వము ఆలోచింపవలసిన కాలము వచ్చినదని మేము తలంచుచున్నాము.

ఇది కొందరు విలాసపురుషుల వేడుక యని త్రోసిపుచ్చుట తగదు. మొయినాబాదు, శంకరుపల్లి, చేవెళ్ల ప్రాంతములలో గుంటలు గుంటలుగా భూమి చేతులు మారుచున్నది. అమ్మువారు మన రైతులు, కొనువారు మాదాపురము, గచ్చిబౌలి కార్యాలయములలో పనిచేయు మధ్యతరగతివారు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిననాడు రాళ్లగుట్టలుగా నున్న ఆ ప్రదేశమున, నేడు అంతస్తుపై నంతస్తు లేచి, ఒక్కొక్క సౌధమున నొక్కొక్క గ్రామమంత జనము వసించుచున్నారు. వారిలో కొందరికైన, ఊరి వెలుపల నొక చిన్నయింట, ఎవరి దయమీదను ఆధారపడక బ్రదుకవలెనను కోరిక పుట్టుట సహజము. ఆ కోరిక ధర్మమైనదా, సాధ్యమైనదా, చట్టసమ్మతమైనదా యన్నదియే ప్రశ్న.

ముందుగా సాధ్యాసాధ్యములు. ఈ ప్రాంతమున సాలునకు ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన కురియును. 60 చదరపు మీటర్ల కప్పుపై పడు నీరు 48 వేల లీటర్లు. ఆవిరికిని, తొలివాన కడుగునకును అయిదవవంతు తీసివేసినను 38 వేల లీటర్లు మిగులును. జలజీవన పథకమున గ్రామీణునకు దినమునకు 55 లీటర్లని కేంద్రప్రభుత్వమే లెక్క గట్టినది. ఆ లెక్కను ఇద్దరు మనుష్యులకు సాలునకు 40 వేల లీటర్లు కావలెను. అనగా మితముగా వాడుకొన్నచో ఆకాశము ఇచ్చునది అవసరమునకు దాదాపు సరిపోవుచున్నది. అయితే వాన నాలుగయిదు మాసములలో కురిసి యూరకుండును. కార్తికము మొదలు జ్యేష్ఠము వరకు గడచుటకు 23 వేల లీటర్లు నిలువ యుండవలెను. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల తొట్టి యొక్కటి ఇంటిక్రింద నున్న చాలును. ఇక సూర్యుని సంగతి. ఒక కిలోవాటు పలకలు ఈ దేశమున దినమునకు సగటున నాలుగు యూనిట్ల విద్యుత్తు నిచ్చును. దీపములు, ఫంకాలు, చల్లపెట్టె, నీటిపంపు, వ్రాతపనికి కంప్యూటరు గల చిన్నయింటికి నాలుగయిదు యూనిట్లు చాలును. రెండు కిలోవాట్ల పలకలు, రాత్రికి నిలువచేయు బ్యాటరీ యున్నచో ముసురు పట్టిన దినములలో కొంత పొదుపుతో పని గడచును. బ్యాటరీ శాశ్వతము గాదు, కొన్నియేండ్ల కొకపరి మార్చవలెను, ఆ వ్యయమును ముందే లెక్కలో చేర్చుకొనుట వివేకము.

ఇందులో వింత యేమియు లేదు. మన తాతలు కట్టిన మట్టిమిద్దె యే తీగకును తగులుకొనలేదు. గోడ మట్టి యూరిలోనిది, బండ సమీపపు గనిలోనిది, నీరు బావిలోనిది. 1936లో సేవాగ్రామమున మహాత్ముడు నివసించిన కుటీరము మట్టితో, వెదురుతో, పెంకుతో కట్టినదే. అందుబాటులోనున్న సామగ్రితోనే ఇల్లు కట్టవలెనను ఆయన యాశయమును కేరళమున లారీ బేకరుగారు దశాబ్దముల తరబడి ఆచరించి చూపిరి. మట్టికట్టడములు భూకంపమునకు తట్టుకొనుటకు పాటింపవలసిన పద్ధతులను భారతీయ ప్రమాణసంస్థవారు 1993లోనే ప్రకటించిరి. కనుక మట్టిగోడ యనినంతనే అది నాటు పనియనియు, అపాయకరమనియు పెదవి విరుచుట చదువుకొన్నవారికి తగదు.

ఇక ధర్మాధర్మములు. ఈ నగరము త్రాగు నీటి చరిత్రను చూడుడు. 1908 నాటి మూసీ వరదల పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై పుట్టిన జలాశయములు ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అవి చాలక 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి నగరమునకు వచ్చినవి. కృష్ణ, గోదావరుల నీరు నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి గుట్టలెక్కి రావలసినదే. ఇంత చేసియు 2024 వేసవిలో బోరుబావులు ఎండి, సైబరాబాదు సౌధములు టాంకరులకై ఎదురుచూడవలసి వచ్చెను. ఇట్టి నగరపు అంచున నొక కుటుంబము తన నీటిని తానే పట్టుకొని, ఆ దూరనదుల నుండి ఒక్క బిందెయు కోరక బ్రదికినచో, అది లోకమునకు ఉపకారమా, అపకారమా? వేరుగా చెప్పనక్కరలేదు.

మరి చట్టము మాట యేమి? ఇచ్చట న్యాయముగా మాటలాడవలెను. 2020వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము గావించిన టీఎస్‌-బీపాస్ చట్టము చిన్నవానికి గొప్ప మేలు చేసినది. 75 చదరపు గజముల లోపు స్థలమున, నేలయంతస్తు, దానిపై నొక యంతస్తు వరకు కట్టుకొనువాడు అనుమతి కోరనక్కరలేదు. ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసికొన్న చాలును. 600 గజముల లోపు స్థలమున, పది మీటర్ల యెత్తులోపు గృహమునకు యజమాని స్వయముగా ధ్రువీకరించినంతనే అనుమతి లభించును. అంతకు మించిన కట్టడములకు 21 దినములలో జవాబు రానియెడల అనుమతి వచ్చినట్లే. 2025లో బిల్డ్ నౌ అను పేర మరియొక యంత్రసాధనము వచ్చినది. 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము ప్రకారము కరెంటు పుట్టించుకొనుటకు లైసెన్సు అక్కరలేదు. కోరినవానికి కరెంటు నిచ్చుట సంస్థకు విధి యని యా చట్టము చెప్పుచున్నది. కోరనివానికి బలవంతముగా నంటగట్టుమని చెప్పుటలేదు. ఇల్లెంత చిన్నదైనను ఉండవచ్చునా యనిన, జాతీయ నిర్మాణ నియమావళి నివాసపు గదికి 9.5 చదరపు మీటర్ల వైశాల్యము, 2.75 మీటర్ల యెత్తు చాలునని చెప్పుచున్నది. ఈ విధముగా విడివిడిగా చూచినచో ఏ శాసనమును చిన్నయింటికి శత్రువు గాదు.

అయినను దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత యూరక పుట్టలేదు. చిక్కు ఒక్కొక్క చట్టములో లేదు. అవి కలియు కూడలిలో నున్నది. కొన్నభూమి సాగుభూమియైనచో, దానిని వ్యవసాయేతరముగా మార్చుటకు రెవెన్యూవారి యొద్దకు పోవలెను. 2020 అక్టోబరున వచ్చిన ధరణి పోయి 2025 ఏప్రిలున భూభారతి వచ్చినది, అర్జీ పెట్టువాడు క్రొత్త ద్వారము వెదకికొనవలెను. ఆ భూమి 2013లో ప్రకటింపబడిన మహానగర ప్రణాళికలో నివాసమండలమున నున్నదో, సంరక్షణ మండలమున నున్నదో హెచ్‌.ఎమ్‌.డి.ఏ. వారి పటమున చూడవలెను. బావి త్రవ్వుటకు 2002 నాటి వాల్టా చట్టము క్రింద వేరు అనుమతి, చెట్టు కొట్టుటకు ఆ చట్టము క్రిందనే మరియొకటి. చెరువు దాపునైనచో నీటిపారుదల శాఖవారి మాట కావలెను. ఊరు పంచాయతీదో, పురపాలకముదో తేల్చుకొనుట మరియొక పని. పదియంతస్తుల సౌధము కట్టువాడు ఇందుకై ఒక గుమాస్తాను, ఒక వకీలును పెట్టుకొనును. రెండు గదుల ఇల్లు కట్టువాడు తన సెలవుదినములను వెచ్చించి, తుదకు దళారి చేతిలో పడును. చట్టము చిన్నవానికి సులభముగాను, త్రోవ పెద్దవానికి సులభముగాను ఉన్నది; ఇదియే మన కాలపు వైపరీత్యము.

సూర్యశక్తి సహాయద్రవ్యముననుగూడ నిట్టి తేడాయే కానవచ్చుచున్నది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల వరకు సహాయమిచ్చుచున్నది. కాని ఇల్లు తీగకు తగులుకొని యుండవలెను. మిగులు కరెంటు పదిమందికిని చెందుననుట ఇందుకు కారణము, ఆ కారణము సహేతుకమే. నడిమాదాపురమున ఇల్లున్నవానికి మేమును తీగను తెంచుకొమ్మని చెప్పము. అచ్చట పగటి మిగులును వలలో పోసి రాత్రి తిరిగి తీసికొనుటయే పొదుపు. కాని తీగ చేరని పొలముగట్టున కట్టుకొన్న యింటికి స్తంభములు నాటి, ట్రాన్స్‌ఫార్మరు నిలుపు వ్యయము తప్పుచున్నదిగదా! ఆ మిగులులో కొంతయైన ఆ గృహస్థునకు దక్కుట న్యాయము కాదా?

ఇక ఎదుటిపక్షమువారి మాట వినకుండుట పత్రికాధర్మము గాదు. వారు చెప్పునది బలమైన మాటయే. 1996 మార్చి 8వ తేదీన వెలువడిన 111వ ఉత్తరువు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులకు పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములలో, కట్టడములను నిరోధించినది. ఆ నిరోధము నడిచిన కాలముననే తోటయిల్లను పేర, పొలపుగదియను పేర, ఎత్తైన ప్రహరీల చాటున ఎన్ని భవనములు లేవలేదు! 2022 ఏప్రిలున 69వ ఉత్తరువు ఆ యాంక్షలను తొలగించెను. 2023 మే నెలలో మంత్రివర్గము 111వ ఉత్తరువునే రద్దుచేయ తీర్మానించెను. ఇట్టి తరుణమున స్వయంపోషక గృహమను క్రొత్త పేరునకు ద్వారము తెరచినచో, ఆ ద్వారమున చిన్నయింటి వెనుక పెద్దమేడ దూరదా? ఈత కొలనునకు రెండు పలకలు తగిలించి "మేమును స్వయంపోషకులమే" యని పలుకువారు బయలుదేరరా? మురుగునీరు జలాశయములలో చేరదా? దక్కను రాతినేలలో పగుళ్లవెంట గుంటలోని మురుగు బావిలోనికి జారుట యెరుగనివారెవరు?

ఈ భయము నిజమైనది. దీనిని మేము తేలికగా త్రోసివేయము. ఇరువది యిండ్లు ఇరువది గుంటలలో లేచిన పిదప అది పల్లెయు గాదు, పట్టణమును గాదు. దారి లేదు, కాలువ లేదు, కాని మురుగు మాత్రము ఉండును. కాని ఈ భయమునకు మందు చిన్నయింటిని నిషేధించుట గాదు. చిన్నయిల్లనగా నేమో కొలిచి చెప్పుట. నిర్వచనము లేనిచోటనే మోసము పెరుగును. నియమము లేమివలన ధనవంతునకు కొరత లేదు, వాడు దారి చేసికొనును. నష్టపడునది నియమమును పాటింపగోరు గృహస్థుడే.

అట్టివాడు నష్టపడు విధమును 2024లో కన్నులార చూచితిమి. ఆ జూలైలో ప్రభుత్వము హైడ్రా యను సంస్థను నెలకొల్పినది. ఆగస్టు 24వ తేదీన మాదాపురమున తమ్మిడికుంట చెంత నొక పెద్ద సమావేశమందిరము కూలినది. సెప్టెంబరులో అదే మాదాపురమున సున్నము చెరువు చెంత చిన్న చిన్న కట్టడములును కూలినవి. చెరువులు రక్షింపబడవలెననుటలో మాకు రెండవ యభిప్రాయము లేదు. చెరువు పూడ్చినవాడు తన తరువాతి తరము గొంతు పూడ్చినవాడే. 2012 నాటి నిర్మాణ నియమములు పది హెక్టారులకు పైబడిన చెరువు నిండుమట్టపు గీటునుండి 30 మీటర్లు, అంతకు చిన్న కుంటలకు 9 మీటర్లు విడువవలెనని శాసించినవి. అవి అక్షరాల అమలు కావలసినదే. కాని ఆ గీటు నేలమీద ఎచ్చట నున్నది? గీటు పటములో నుండి, రాయి నేలపై లేనిచో, కొనువానికి తెలియునదెట్లు? యజమాని స్వయముగా ధ్రువీకరించు పద్ధతిలో పొరపాటు భారమంతయు వానిపైననే పడును. తప్పుడు ధ్రువీకరణమైనచో నోటీసు లేకయే కూల్చు నధికారము ఆ చట్టమున నున్నది. 2024 నవంబరు 13వ తేదీన సుప్రీముకోర్టువారు కూల్చుటకు ముందు పదునైదు దినముల నోటీసు తప్పదని విధించిరి, కాని జలాశయములను ఆక్రమించిన కట్టడములకు ఆ రక్షణ వర్తింపదని గూడ చెప్పిరి. కావున చెరువు గీటును నేలపై చూపుట ప్రభుత్వమున కొక దయాకార్యము గాదు, తప్పనిసరి విధి. హద్దు చూపని కాపరికి పశువును బందెలదొడ్డికి తోలు హక్కెచ్చటిది?

ఇతర దేశములు ఈ చిక్కును విప్పిన తీరు గమనింపదగినది. 2010లో వేల్సు ప్రభుత్వము, సాధారణముగా ఇల్లు కట్టనీయని పల్లెపట్టులలో, స్వయంపోషకులకు మాత్రము అనుమతి నిచ్చు నొక విధానమును ప్రవేశపెట్టినది. అయిదేండ్లలోగా ఆ కుటుంబము తన కనీసావసరములను, అన్నము, ఇంధనము మొదలగువానిని, ఆ భూమినుండియే సాధింపవలెను. ఏటేట లెక్క చూపవలెను. చూపలేనిచో కట్టడమును తొలగించుకొని పోవలెను. అమెరికాలో 2018 నాటి నమూనా గృహనియమావళి 400 చదరపు అడుగుల లోపు ఇంటికి ప్రత్యేక పరిశిష్టము చేర్చి, మెట్లకు, అటుకకు, పైకప్పు ఎత్తునకు తగిన సడలింపుల నొసగినది. ఒకరు బ్రదుకును కొలిచిరి, ఒకరు ఇంటిని కొలిచిరి. ఇరువురును ఆ యింటికొక పేరు పెట్టిరి. మనమును పెట్టుకొనవచ్చును.

మేము ప్రభుత్వమును కోరునది స్వల్పము. మొదటిది: స్వయంపోషక గృహమునకు స్పష్టమైన కొలత నిర్ణయింపుడు. ఒక్క కుటుంబము, ఒక్క యంతస్తు, 60 చదరపు మీటర్ల కట్టడము, ఒకనికి ఒక్కటియే, ఆ భూమిని మరల ముక్కలు చేయరాదు. ఈతకొలను పెట్టినవాడు ఈ తరగతినుండి తొలగును. రెండవది: భూమి మార్పిడి, ఇల్లు, బావి, మురుగుగుంట నాలుగింటికిని ఒకే అర్జీ యుండవలెను. పెద్ద సౌధములకు 21 దినముల గడువు నిచ్చిన ప్రభుత్వము చిన్నయింటికి అదే గౌరవమును అన్ని శాఖలలోను ఈయలేదా? మూడవది: చెరువుల నిండుమట్టపు గీటును రాళ్లు నాటి చూపుడు, సర్వే చేసి వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్న పిదప గీటు జరిగినచో, ఇల్లు పోగొట్టుకొనువానికి నష్టపరిహారము ప్రభుత్వమే ఈయవలెను. నాలుగవది: తనిఖీ తీగను గూర్చి గాక హానిని గూర్చి యుండవలెను. మురుగు ఎచ్చటికి పోవుచున్నది? తొట్టినీరు శుభ్రమైనదా? బ్యాటరీ, కరెంటుపని నిప్పునకు దారితీయునా? ఏటేట నొకమారు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాని యనుమతి రద్దు కావలెను. అయిదవది: తీగ చేరని చోట తీగ కోరని యింటికి సూర్యశక్తి సహాయము కొంతయైన వర్తింపజేయుడు.

పాఠకులలో భూమి గలవారికొక మాట. గుంటలుగా కోసి అమ్మునపుడు ఆ భూమి యే మండలమున నున్నదో, చెరువు గీటు ఎచ్చట నున్నదో దాచి అమ్ముట ఋజువర్తనము గాదు. రేపు కూలునది కొన్నవాని గోడ. పోవునది మీ యూరి మాట. పట్టణవాసులకొక మాట. పత్రముపై దళారి వ్రేలు పెట్టి చూపినచోట సంతకము చేయకుడు. మొదట పటమును చూడుడు, పిదప నేలను చూడుడు, ఆ పిదపనే ధనము చెల్లింపుడు. స్వయంపోషకమనగా చట్టమునకు వెలుపల నుండుట గాదు. పరులపై భారము మోపకుండుట.

స్వరాజ్యమనగా తన్ను తాను ఏలుకొనుట. తన దీపమును తాను వెలిగించుకొని, తన నీటిని తాను నిలువచేసికొని, తన మురుగును పొరుగువాని బావిలో పడనీయని గృహస్థుడు ఆ శబ్దమున కర్థమును చేతలలో చూపుచున్నాడు. అట్టివానిని కచ్చేరులచుట్టు త్రిప్పుట రాజ్యమునకు వన్నె గాదు. ఇంటిని తీగనుబట్టి కొలువకుడు. అది చేయు మేలునుబట్టి, కీడునుబట్టి కొలువుడు. ఈ యొక్క సూత్రమును ప్రభుత్వము గ్రహించినచో, చెరువులు నిలుచును, చిన్నయిండ్లును నిలుచును.